ఎక్కేచోటే చెప్పండి

హైదరాబాద్ గ్రోత్ కారిడార్ లిమిటెడ్ మేనేజింగ్ డైరెక్టర్ గారికి, హెచ్‌ఎండీఏ మెట్రోపాలిటన్ కమిషనర్ గారికి రాస్తున్న బహిరంగ లేఖ.

అయ్యా, ఇబ్రహీంపట్నం నుంచి సాగర్ రోడ్డు మీద నగరం వైపు వచ్చే బండి ఏదైనా బొంగులూరు దగ్గర ఔటర్ రింగ్ రోడ్డు కిందుగా వెళ్లాలి, లేదా ఔటర్ ఎక్కాలి. ఆదిబట్లలో టీసీఎస్‌కూ టాటా వారి విమాన భాగాల కర్మాగారాలకూ వెళ్లే క్యాబులు, మంగళ్‌పల్లి చుట్టుపక్కల ఇంజనీరింగ్ కాలేజీల బస్సులు, శంషాబాద్ విమానాశ్రయానికి పోయే కార్లు, మార్కెట్లకు కూరగాయలు చేరవేసే సరుకు బండ్లు, అన్నిటికీ ఇక్కడి 12వ ఎగ్జిటే గుమ్మం. ఈ గుమ్మం దగ్గర మిమ్మల్ని అడిగేది ఒక దీపం. బండి ఔటర్ ఎక్కేచోట ఫాస్టాగ్‌ను యంత్రం చదివిన క్షణంలోనే, ఆ టాగ్ పనిచేసే స్థితిలో ఉందో లేదో ఆకుపచ్చ, పసుపు, ఎరుపు రంగుల్లో డ్రైవరుకు చూపించండి. కింద రెండు తెలుగు మాటలు రాయండి. చూడటానికి చిన్న కోరికే అయినా దీని వెనుక ఒక సూత్రం ఉంది. మోటారు వాహనాల పరిశ్రమ ఆ సూత్రాన్ని ఎప్పుడో ఒప్పుకుంది. టోల్ వ్యవస్థ మాత్రం ఇంకా ఒప్పుకోలేదు.

ఆ సూత్రం ఏమిటో తెలియాలంటే కారు స్టీరింగ్ వెనుక చూస్తే చాలు. తాళం చెవి తిప్పి ఇంజిన్ స్టార్ట్ చేయకుండా ఆన్‌లో ఉంచండి. డ్యాష్‌బోర్డ్ మీద దీపాలన్నీ ఒక్కసారిగా వెలుగుతాయి. ఎర్రటి నూనె డబ్బా బొమ్మ, ఎర్రటి బ్యాటరీ, పసుపు ఇంజిన్ బొమ్మ, గుండ్రటి గీతల మధ్య ఏబీఎస్ అక్షరాలు, బెల్టు పెట్టుకుని కూర్చున్న మనిషి ముందు గుండ్రటి బంతిలాంటి ఎయిర్‌బ్యాగ్ గుర్తు. కొన్ని సెకన్లలో కొన్ని ఆరిపోతాయి, ఆయిల్, బ్యాటరీ దీపాలు ఇంజిన్ అందుకున్నాక ఆరుతాయి. అప్పుడు కారులో ఏ లోపమూ ఉండకపోవచ్చు. అయినా అవి వెలుగుతాయి, ఎందుకంటే ముందు దీపమే పనిచేస్తోందని రుజువు కావాలి. చెప్పాల్సిన సమయంలో చెప్పగలనని దీపం రోజూ ప్రమాణం చేసి పక్కకు తప్పుకుంటుంది. పాత కారు కొనేటప్పుడు తెలిసిన మెకానిక్ ఎవరైనా మొదట చూసేది ఇదే. ఎయిర్‌బ్యాగ్ దీపం వెలిగి ఆరిందా, అసలు వెలగనే లేదా? వెలగకపోతే లోపాన్ని దాచడానికి ఎవరో దీపాన్నే తీసేశారని అనుమానిస్తాడు. ఏ దీపమూ కనిపించనంత మాత్రాన బండి బాగుందని అతను నమ్మడు.

ఈ గుర్తులు కంపెనీకొకటిగా లేవు. ఐఎస్‌ఓ 2575 అనే అంతర్జాతీయ ప్రమాణం వాటి ఆకారాలను ఖరారు చేసింది. అందుకే మారుతి నడిపిన డ్రైవరు హ్యుందాయ్ ఎక్కినా, ఇంగ్లిషు అక్షరం రానివాడైనా నూనె డబ్బా బొమ్మను గుర్తుపడతాడు. రంగులకూ అర్థం స్థిరపడింది. ఎరుపంటే ఇప్పుడే ఆపు. పసుపంటే నడుపు కానీ తొందరలో చూపించు. ఆకుపచ్చ, నీలం కేవలం సమాచారం. పసుపులోనూ తేడాలున్నాయి. ఇంజిన్ దీపం నిలకడగా వెలిగితే షెడ్డుకు తీసుకెళ్లేదాకా ఆగవచ్చు. అదే దీపం టపటపా కొట్టుకుంటే సిలిండర్లో ఇంధనం సరిగా మండటం లేదని, ఇలాగే నడిపితే పొగ గొట్టంలో ఉండే కాటలిటిక్ కన్వర్టర్ పాడవుతుందని అర్థం. ఒక్క దీపమే తొందర ఎంతో కూడా చెబుతోంది.

ఈ దీపాల్లో అందరికీ బాగా తెలిసింది పెట్రోల్ దీపం. మనవాళ్లు 'బండి రిజర్వ్‌లో పడింది' అంటారు. ఆ దీపం ట్యాంకు ఖాళీ అయ్యాక వెలగదు, ఖాళీ కాబోతుండగా, బంకు దాకా వెళ్లగలిగినంత చమురు మిగిలి ఉండగా వెలుగుతుంది. ఇంజినీర్లు ఆ ఎడం కావాలనే పెట్టారు. హెచ్చరికకు విలువ ఆ ఎడంలోనే ఉంది, చేయగలిగింది ఇంకా ఏదో ఒకటి ఉన్నప్పుడు చెప్పటంలో ఉంది. ట్యాంకు ఎండి బండి ఆగిన తర్వాత వెలిగే దీపాన్ని ఎవరూ హెచ్చరిక అనరు, అది ఉత్త కబురు.

ఇక ముందు అద్దానికి అంటించిన ఫాస్టాగ్ సంగతి. అందులో బ్యాటరీ లేదు, దీపం లేదు, చప్పుడు లేదు. టోల్ గేట్ పైనున్న యాంటెన్నా పంపే రేడియో తరంగాల నుంచే క్షణకాలం శక్తి తీసుకుని తన సంఖ్యను తిరిగి పంపుతుంది, మళ్లీ మూగబోతుంది. చవకగా కోట్ల బండ్లకు అంటించడానికి ఈ ఏర్పాటే సరైనది, దాని మీద నాకు అభ్యంతరం లేదు. కానీ దాని ఫలితం ఏమిటో చూడండి. ఖాతాలో డబ్బు తగ్గినా, కేవైసీ అసంపూర్తిగా ఉందని బ్యాంకు టాగ్‌ను ఆపినా, బండి నంబరు వివరాలు సరిపోలక బ్లాక్‌లిస్టులో పడ్డా, అద్దం మీది ఆ చీటీ నిన్న ఎలా ఉందో ఈరోజూ అలాగే కనిపిస్తుంది. బండిలో కూర్చున్న మనిషికి తెలిసే మార్గం అందులో లేదు. 2021 ఫిబ్రవరి 15 అర్ధరాత్రి నుంచి జాతీయ రహదారుల టోల్ గేట్లలో అన్ని లైన్లనూ ఫాస్టాగ్ లైన్లుగా మార్చారు. అది లేకపోయినా, పనిచేయకపోయినా రెట్టింపు కట్టాలన్నారు. 2025 నవంబర్ 15 నుంచి యూపీఐతో కడితే ఒకటింబావు రెట్లు, నగదైతే రెట్టింపు అని సవరించారు. జరిమానాను ఇంత వివరంగా రాసుకున్న నిబంధనల్లో బండివాడికి ముందుగా ఎలా తెలియాలన్న దానికి ఇంత శ్రద్ధ కనిపించదు. కారులో చిన్న బల్బు మాడినా చెప్పే ఏర్పాటు ఉన్న కాలంలో, డబ్బుతో ముడిపడిన ఈ ఒక్క పరికరం మాత్రం తప్పు జరిగాకే, గేటు కర్ర ఎదుటే, వెనుక హారన్లు మోగుతుండగానే సంగతి బయటపెడుతుంది.

ఔటర్ దగ్గరికి వస్తే ఈ లోపాన్ని సరిదిద్దడానికి జాతీయ రహదారులకు లేని సౌకర్యం మీ చేతిలో ఉంది. 158 కిలోమీటర్ల ఈ రోడ్డు మీద వసూలు దూరాన్ని బట్టి. బండి ఎక్కేచోట టాగ్‌ను చదువుతారు, దిగేచోట మళ్లీ చదివి నడిచిన కిలోమీటర్లకు లెక్కగట్టి రుసుము తీసుకుంటారు. 2025 ఏప్రిల్ 1న కార్లకు ఆ లెక్కను కిలోమీటరుకు 2 రూపాయల 44 పైసలుగా నిర్ణయించారు. అంటే మామూలు టోల్ గేటులో చదవడం, వసూలు చేయడం ఒకే క్షణంలో జరిగిపోతే, మీ దగ్గర ఆ రెంటికీ మధ్య కొన్ని కిలోమీటర్ల దూరం, కొన్ని నిమిషాల సమయం ఉన్నాయి. బొంగులూరులో ఎక్కి శంషాబాద్‌లో దిగే బండికి ఆ వ్యవధి చాలు. పెట్రోల్ దీపానికి ఇంజినీర్లు కష్టపడి కల్పించిన ఎడం మీకు రోడ్డు నిర్మాణంలోనే అయాచితంగా వచ్చింది. దాన్ని వాడుకోకపోవడం బాధ కలిగించే విషయం. ఎర్రదీపం చూసిన డ్రైవరు ఎక్కకముందే పక్కకు ఆపుకుని రీచార్జ్ చేసుకోవచ్చు, లేదా సర్వీస్ రోడ్డు మీదే వెళ్లిపోవచ్చు. పసుపు చూసినవాడు పక్క సీట్లో ఉన్నవారికి చెప్పి ఫోన్లో డబ్బు వేయించవచ్చు. దిగేచోట తెలిస్తే ఈ అవకాశాలన్నీ పోతాయి.

దీనిలో భద్రత విషయమూ ఉంది. 2023లో ఔటర్ మీద గరిష్ఠ వేగాన్ని గంటకు 100 నుంచి 120 కిలోమీటర్లకు పెంచారు. అంత వేగంతో సాగే రోడ్డు నుంచి దిగే ర్యాంపు చివర ఒక బండి టాగ్ పనిచేయక ఆగిపోతే, డ్రైవరు కిందకు దిగి బ్యాంకు యాప్ తెరుస్తుంటే, వెనుక క్యూ పెరుగుతుంది. ఎక్కే ర్యాంపు దగ్గర ఏర్పడే క్యూ బయటి సర్వీస్ రోడ్డు వైపు, నెమ్మదిగా నడిచే బండ్లవైపు పెరుగుతుంది. దిగే ర్యాంపు దగ్గర ఏర్పడేది ప్రధాన రోడ్డు వైపు, వేగంగా వచ్చే లారీలవైపు పెరుగుతుంది. గొడవ తప్పనిసరైతే అది ఎక్కే వైపు జరగడమే మేలు.

ఇందుకు కావాల్సిన సమాచారం ఎక్కడి నుంచి వస్తుందని మీ సాంకేతిక సిబ్బంది అడగవచ్చు. అది ఇప్పటికే ఉంది. దేశంలో ఫాస్టాగ్ లావాదేవీలు నడిపే నేషనల్ పేమెంట్స్ కార్పొరేషన్ వ్యవస్థలో టాగ్‌ల స్థితి జాబితా ఉంటుంది. అందులో తక్కువ బ్యాలెన్స్ ఉన్న టాగ్‌లు ఒక తరగతి, బ్లాక్‌లిస్ట్ అయినవి మరో తరగతి. అంటే పసుపుకూ ఎరుపుకూ తేడా బ్యాంకుల లెక్కల్లో ముందే గీసి ఉంది, దాన్ని రోడ్డు మీదికి తేవడమే మిగిలింది. 2025 ఫిబ్రవరి 17 నుంచి అమలైన నిబంధన గుర్తుందా? టాగ్ చదవడానికి 60 నిమిషాల ముందు నుంచీ బ్లాక్‌లిస్టులో ఉండి, చదివిన 10 నిమిషాల తర్వాతా అలాగే ఉంటే చెల్లింపు తిరస్కరిస్తారు. దాని మీద గగ్గోలు రేగినప్పుడు జాతీయ రహదారుల సంస్థ ఒక వివరణ ఇచ్చింది. జాతీయ రహదారుల టోల్ గేట్లన్నీ టాగ్ స్థితిని అప్పటికప్పుడు తెలుసుకునే కొత్త పద్ధతిలో పనిచేస్తున్నాయని, కొన్ని రాష్ట్ర రహదారుల గేట్లు మాత్రం జాబితాను విడతలుగా తెప్పించుకునే పాత పద్ధతిలో ఉన్నాయని చెప్పింది. ఈ వివరణలోనే నా వాదనకు బలం ఉంది. టాగ్ ఆరోగ్యం క్షణాల్లో తెలుసుకునే సాధనం దేశంలో వాడుకలో ఉంది. గేటు యంత్రానికి తెలిసిన ముక్క గేటు ముందున్న మనిషికి ఎందుకు తెలియకూడదన్నదే మిగిలిన ప్రశ్న.

బ్యాంకులు ఎస్‌ఎంఎస్ పంపుతున్నాయి కదా అన్నది మొదట వచ్చే జవాబు. పంపుతున్నాయి, నిజమే. కానీ అది వెళ్లేది టాగ్ ఎవరి పేరున ఉందో వారి ఫోనుకు. కాలేజీ బస్సు టాగ్ యాజమాన్యం పేరున ఉంటుంది, స్టీరింగ్ డ్రైవరు చేతిలో ఉంటుంది. క్యాబ్ యజమాని ఒకరు, నడిపేది మరొకరు. ఊళ్లో కొన్న బండిని అన్న పేరున రిజిస్టర్ చేసి తమ్ముడు నడపడం మన ఇళ్లలో కొత్త కాదు. పైగా ఆ సందేశాలు ఎక్కువగా ఇంగ్లిషులో వస్తాయి, రోజూ వచ్చే లోన్ల, ఆఫర్ల సందేశాల మధ్య కలిసిపోతాయి. డ్రైవరుకే వచ్చిందనుకున్నా, నడుపుతూ చేతిలో ఫోన్ వాడటం మోటారు వాహనాల చట్టంలోని 184వ సెక్షన్ కింద నేరం. ఒక చట్టం చూడొద్దన్న చోట సమాచారం పెట్టి, చూడలేదని ఇంకో నిబంధన కింద రెట్టింపు తీసుకోవడం న్యాయం కాదు. కారు తయారు చేసేవారు ఇంజిన్ వేడెక్కిందన్న కబురును యజమాని ఫోనుకు పంపి ఊరుకోలేదు, నడిపేవాడి కళ్లెదుట పెట్టారు.

బాధ్యత డ్రైవరుదే, బయల్దేరే ముందు బ్యాలెన్స్ చూసుకోవాలి అన్నది రెండో జవాబు. ఇది గట్టి వాదనే, తోసిపుచ్చను. టాగ్‌లో డబ్బు ఉంచుకోవడం నడిపేవారి పనే. రీచార్జ్ చేయకుండా ఔటర్ ఎక్కి తర్వాత గొడవ పడే వారిని నేను సమర్థించడం లేదు. అయితే సీటు బెల్టు పెట్టుకోవడం కూడా డ్రైవరు బాధ్యతే కదా. ఆ నిబంధన ఎన్నో ఏళ్ల నుంచి ఉంది. అయినా కేంద్ర ప్రభుత్వం 2019 జులై 1 నుంచి తయారయ్యే కార్లన్నిటిలో బెల్టు పెట్టుకోలేదని గుర్తుచేసే దీపం, చప్పుడు తప్పనిసరి చేసింది. వేగం 80 దాటితే అప్పుడప్పుడూ, 120 దాటితే ఆగకుండా మోగే హెచ్చరికను కూడా అప్పుడే తెచ్చింది. బాధ్యత డ్రైవరుదని తెలిసి కూడా ప్రభుత్వం ఎందుకలా చేసింది? మనిషి మరచిపోతాడు కనుక. మరుపు వల్ల జరిగే నష్టం అతనితోనే ఆగదు కనుక. గేటు దగ్గర ఆగిన బండి విషయంలో వెనుకున్న ఇరవై బండ్లవారు చేసిన తప్పేముంది? బాధ్యత గుర్తుచేసినంత మాత్రాన అది తగ్గిపోదు.

గోప్యత సంగతి ఎవరైనా ఎత్తితే, అది సరైన సందేహమే. ఎవరి ఖాతాలో ఎంతుందో బోర్డు మీద వేయమని నేను అడగడం లేదు. అంకె అక్కర్లేదు, రంగు చాలు. ఇంజిన్ దీపం కూడా లోపం ఏ భాగంలోనో చెప్పదు, ఏదో ఉందని మాత్రమే చెబుతుంది. ఎరుపు, ఆకుపచ్చ తేడా గుర్తించలేని చూపున్నవారు ఉంటారు కాబట్టి రంగుతోపాటు ఒక గుర్తు, ఒక తెలుగు మాట ఉండాలి. ఖర్చు విషయంలో పెద్దగా చెప్పాల్సింది లేదు. టోల్ లైన్లలో దీపాలు, అంకెలు చూపే చిన్న బోర్డులు ఎటూ ఉంటాయి, వాటికి పని పెంచడమే.

ఇది కొత్త ఆలోచనేమీ కాదు. జపాన్‌లో 2001లో దేశమంతటా మొదలైన ఈటీసీ అనే టోల్ వసూలు పద్ధతిలో కారు లోపలే పరికరం ఉంటుంది. అందులో కార్డు పెట్టకుండా ఇంజిన్ స్టార్ట్ చేస్తే గొంతెత్తి చెబుతుంది. సింగపూర్ 1998లో రోడ్డు రుసుము వసూలుకు పెట్టిన పరికరం తెర మీద కార్డులో మిగిలిన సొమ్ము చూపేది. మన టాగ్‌కు తెర పెట్టలేం, ఆ పోలిక అంతవరకే. కానీ అమెరికా తూర్పు రాష్ట్రాల్లో వాడే ఈజీపాస్ అనే టాగ్ కారులోపల ఏమీ చూపకపోయినా, కొన్నిచోట్ల లైన్ పక్కన బోర్డు మీద బ్యాలెన్స్ తక్కువగా ఉందని చూపిస్తారు. టాగ్ మూగదైతే రోడ్డు మాట్లాడాలని అక్కడివాళ్లు నిర్ణయించుకున్నారు. నేనడిగేదీ అదే.

త్వరలో గేట్లే ఉండవు, ఇప్పుడు దీపాలెందుకు అనే వారూ ఉంటారు. గేటు లేకుండా, బండి ఆగకుండా వసూలు చేసే పద్ధతికి గుజరాత్‌లోని చోర్యాసి, హరియాణాలోని ఘరౌండా టోల్ ప్లాజాల కోసం 2025లో ఒప్పందాలు కుదిరాయి. ఆ రోజు ఔటర్‌కూ వస్తుందనుకుందాం. అప్పుడు గేటు కర్ర ఇచ్చే ఆ ఆఖరి కబురు కూడా ఉండదు. టాగ్ పనిచేయని బండి నిశ్శబ్దంగా వెళ్లిపోతుంది, సంగతి తర్వాత నోటీసు రూపంలో ఇంటికి వస్తుంది. బొంగులూరు నుంచి రోజూ వెళ్లే క్యాబ్ డ్రైవరుకు వారం తర్వాత తెలిస్తే ఆ వారంలో ఎన్ని ట్రిప్పులు లెక్కలోకి ఎక్కుతాయో ఊహించండి. గేటు ఎత్తేసే ముందే దీపం పెట్టడం అలవాటు చేసుకోవాలి. గేటు పోయాక దాని అవసరం ఇంకా పెరుగుతుంది.

ఒక మాట ఒప్పందం గురించి. ఔటర్ మీద టోల్ వసూలు హక్కును 2023లో 7,380 కోట్ల రూపాయలకు 30 ఏళ్లపాటు ఐఆర్‌బీ సంస్థకు అప్పగించారు. ఆ నిర్ణయం మంచిదా చెడ్డదా అన్న చర్చ వేరు, ఈ లేఖ దానికోసం కాదు. కానీ రోడ్డు ఇంకా ప్రజలదే, దాని యజమాని తరఫున మాట్లాడాల్సింది మీరే. వసూలు చేసే పని అప్పగించినప్పుడు సమాచారం ఇచ్చే పనిని కూడా పట్టించుకోవాల్సింది యజమానే. బండి ఆగకుండా టాగ్ చదవగలిగితే సంస్థకు కూడా లాభమే, లైన్ త్వరగా కదులుతుంది, సిబ్బందితో వాగ్వాదాలు తగ్గుతాయి. అందుకే ఈ కోరికను వారు కాదంటారని నేను అనుకోవడం లేదు.

దీపంతోపాటు ఒక బోర్డు కూడా కావాలి. జాతీయ రహదారుల మీద 2018 మే నుంచి ఒక నియమం ఉంది. టాగ్ సరిగ్గా ఉండి, తగినంత డబ్బు ఉండి, గేటు యంత్రమే పనిచేయకపోతే బండిని రుసుము లేకుండా పంపాలి, సున్నా రశీదు ఇవ్వాలి. దీపం తప్పు ఎవరిదో ఎక్కేచోటే తేల్చేస్తుంది కాబట్టి ఔటర్‌లోనూ ఇలాంటి నియమం అమలు చేయడం తేలికవుతుంది. ఎక్కేటప్పుడు ఆకుపచ్చ చూపించిన టాగ్‌ను దిగేటప్పుడు యంత్రం చదవకపోతే లోపం ఎటువైపుందో వాదించాల్సిన పనే ఉండదు. అలాగే 2025 ఆగస్టు 15న 3,000 రూపాయల ధరతో మొదలైన వార్షిక పాస్ జాతీయ రహదారులు, జాతీయ ఎక్స్‌ప్రెస్‌వేల గేట్లకే వర్తిస్తుంది, ఔటర్‌కు వర్తించదు. పాస్ ఉంది కదా అని ఖాతా ఖాళీగా ఉంచుకుని ఔటర్ ఎక్కే ప్రమాదం ఉంది. ఈ రెండు సంగతులూ తెలుగులో, ఉర్దూలో ఎక్కే ర్యాంపు మొదట్లోనే రాయించండి. గేటు పక్కన రాస్తే చదివే తీరిక ఉండదు.

ఔటర్ మీద ఉన్న అన్ని ఎగ్జిట్లలో ఒక్క రోజులో మార్చమని అడగను. ముందు బొంగులూరులో, ఎక్కే వైపు ఒక్క లైన్‌లో మూడు రంగుల దీపం పెట్టించండి. మూడు నెలలు నడపండి. ఆ మూడు నెలల్లో ఎన్ని బండ్లకు పసుపు వచ్చింది, వాటిలో ఎన్ని దిగేలోపు సరిచేసుకున్నాయి, దిగేచోట ఆగిన బండ్ల సంఖ్య ఎంత తగ్గింది, ఈ మూడు లెక్కలు మీ వెబ్‌సైట్‌లో పెట్టండి. తగ్గకపోతే దీపం తీసేయండి, నేను అభ్యంతరపెట్టను. తగ్గితే మిగతా ఎగ్జిట్లకు కూడా పెట్టించమని కోరుతున్నాను.

ఇట్లు,
ఇబ్రహీంపట్నం, రంగారెడ్డి జిల్లా నివాసి